కొంచెం దగ్గరికి జరగండి

1934 అక్టోబరు 9

పన్ను నొప్పి. బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చున్నాను. పని చెయ్యడానికి మనసు రానప్పుడు డైరీ రాయడం మంచి సాకు.

పోస్ట్‌మాన్ మీద రాసిన నాటిక, ప్రభుత్వ పరిశీలన కార్యాలయం నుంచి తిరిగి వచ్చింది. పోస్ట్‌మాన్ ఒక ఇంటి తలుపు తడతాడు. ఎవరూ పలకరు. వీళ్ళు ఇల్లు మారారా అని పక్కింటావిడను అడుగుతాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, "మారలేదు, మార్పించారు" అంటుంది. ఆ ఒక్క మాట కోసమే మిగతా నాటికంతా రాశాను. సరిగ్గా ఆ మాటనే ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. ఇప్పుడు మిగిలింది ఒక పోస్ట్‌మాన్, ఒక సంచీ, ఒక కుక్క.

కుక్క బాగానే ఉంది కదా, దాంతోనే నడిపిద్దాం అంది ఫ్రౌ ప్రిల్‌విట్స్. భర్త పోయిన దగ్గర్నుంచి, పాటలూ వ్యంగ్య నాటికలూ ఆడే మా 'వంకర గొడుగు' క్యాబరేని ఆవిడే నడుపుతోంది. నేలమాళిగలో చిన్న హాలు, చిన్న వేదిక, ఒక పియానో. ఒకప్పుడు ఈ హాల్లోనే మంత్రుల్ని వరసపెట్టి వెక్కిరించాం. ఆ మంత్రులే వచ్చి ముందు వరసలో కూర్చుని నవ్వేవాళ్ళు. ఇప్పుడు కుక్క. మా నటుడు థీలో ఆ వేషం తనే వేస్తానన్నాడు. అంత భారీ మనిషి నాలుగు కాళ్ళ మీద పాకి, స్తంభం దగ్గర కాలెత్తి చూపించాడు. నవ్వాను. నవ్వితే పన్ను ఇంకా లాగింది.

అక్టోబరు 12

డోబ్రిక్ గారు వచ్చారు. స్తంభం పక్కన ఆయన బల్ల, ఒక బీరు, పెదవి మీద నురగ తుడుచుకోవడానికి ఇస్త్రీ చేసిన రుమాలు. ఎర్ర పెన్సిలు ఆయనదే. వేదిక మీద మేము చెప్పేది, ముద్ర పడిన ప్రతిలో ఉన్నది ఒకటేనా కాదా అని చూడటానికి వారానికి రెండుసార్లు వస్తారు.

విరామంలో నా దగ్గరికి వచ్చి పలకరించారు. పాత రోజుల్లో భార్యతో కలిసి టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవారట. నా పాటలు ఆయనకు కంఠతా వచ్చు. గొంతు తగ్గించి ఒక చరణం పాడి వినిపించారు, అందులో చివరి పాదం నాకే గుర్తు లేదు. పోస్ట్‌మాన్ నాటిక సంగతి ఎత్తి, "మార్పించారు" అన్నదే ఈ మధ్య నేను రాసినవాటిలో మంచి మాట అన్నారు.

"మరి కొట్టేశారే?" అన్నాను.

"బాగోలేనివాటితో ఎవరికీ ఇబ్బంది లేదండీ. బాగున్నవే కొట్టాల్సి వస్తుంది" అన్నారు. ఎగతాళి కాదు. బాధగానే అన్నారు.

నా పాటలు కంఠతా వచ్చిన మనిషి చేతిలోనే ఎర్ర పెన్సిలు ఉన్నందుకు సిగ్గుపడాలో గర్వపడాలో తెలియలేదు. గర్వపడ్డాను.

అక్టోబరు 21

ప్రాగ్ నుంచి లియోపోల్డ్ కార్డు రాశాడు. మేమిద్దరం పనిచేసిన వ్యంగ్య వారపత్రికను మూసేసిన వారంలోనే రైలెక్కిన తెలివైనవాడు. పక్క గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యమంటున్నాడు. అక్కడి హోటలు సర్వర్లకు కూడా మన జోకులు అర్థమవుతాయట.

అర్థమైతే చాలా? ట్రామ్ కండక్టరు విసుక్కోవడం, కూరలమ్మే ఆవిడ దెప్పడం, మెట్లు కడిగే మనిషి సణుగుడు, ఇవి రోజూ చెవిన పడకపోతే నేను రాయలేను. నేను రాసేది బెర్లిన్ మాట. పైగా నేను ఏ పార్టీ వాణ్ణీ కాదు. నా మీద ఎవరికి ఏం కోపం? పాస్‌పోర్టు ఇంకా వేసవి దాకా చెల్లుతుంది. వసంతంలో ఆలోచిద్దాం.

నవంబరు 6

పన్ను పీకించుకున్నాను. స్టెగ్లిట్స్‌లో డాక్టరు దగ్గర్నుంచి వస్తూ, దవడ పట్టుకుని ఒక ఫొటో స్టూడియో అద్దాల ముందు ఆగాను. ఆ పేట గాయక సంఘం ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి మూడేళ్ళ కిందటిది, ఒకటి ఈ ఏడాదిది. అవే మెట్లు, అదే జెండా, అధ్యక్షుడి మీసం కూడా అదే. పాత ఫొటోలో వరసలు మెట్ల అంచుల దాకా ఉన్నాయి. కొత్తదాంట్లో అందరూ మధ్యకు జరిగి భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. ఎక్కడా ఖాళీ కనబడదు. రెండూ పక్కన పెట్టి చూస్తే తప్ప ఎవరూ తగ్గినట్టే ఉండదు. ఆ ఫొటోగ్రాఫరు మంచి పనివాడు. రెండూ పక్కపక్కన ఎందుకు పెట్టాడో మరి. బహుశా ఏమీ ఆలోచించకుండానే పెట్టి ఉంటాడు.

ఇల్లు చేరేలోపు నాటిక మొత్తం తలలో తయారైంది. నోట్లో దూది ఉన్న సంగతే మర్చిపోయాను.

నవంబరు 15

ఒక్క గీత కూడా లేకుండా ముద్ర పడి వచ్చింది. అయినా కాగితం మీద ఏముందని? థీలో ఫొటోగ్రాఫరు. ప్రేక్షకులే గాయక సంఘం. నిరుడు కూర్చున్నట్టే కూర్చోమంటాడు. నిరుటి ఫొటో చేతిలో ఉంటుంది. కెమెరా నల్లగుడ్డ కిందకి దూరతాడు, బయటికి వస్తాడు, గడ్డాలు ఎత్తమంటాడు, పొట్టలు లోపలికి పీల్చమంటాడు. చివర, "కొంచెం దగ్గరికి జరగండి. ఖాళీలు కనబడుతున్నాయి" అంటాడు. అంతే. అత్తగారి మీద జోకు కూడా ఇంతకన్నా ప్రమాదకరంగా ఉంటుంది.

మధ్యాహ్నం రిహార్సలు. చివరి మాటకు ముందు ఏదో లోటుగా ఉందిరా, అక్కడ ఒక నవ్వులమాట పడెయ్యి అన్నాడు థీలో.

"మాట వద్దు. ఫొటో చూడు. తర్వాత హాలు చూడు. మళ్ళీ ఫొటో చూడు. నోరెత్తకు" అన్నాను.

"ఎంతసేపు?"

"వాళ్ళకి ఇబ్బంది అయ్యేదాకా."

"ముందు నాకు అవుతుందిరా ఇబ్బంది. నోరు మూసుకున్నందుకు ఇంతవరకు నాకెవడూ చప్పట్లు కొట్టలేదు."

అది నిజమే. వెడ్డింగ్ పేటలో వాళ్ళ నాన్న మాంసం కొట్లో, కత్తి ఆడుతున్నంతసేపూ మాటలు ఆగకూడదని నేర్చుకున్నవాడు. అయినా చేసి చూపించాడు. ఫొటో చూశాడు. హాలు చూశాడు. మధ్యాహ్నం కాబట్టి కుర్చీలన్నీ ఖాళీ. మళ్ళీ ఫొటో చూశాడు. పియానో దగ్గర థీలో భార్య హెనీ చేతులు ఒళ్ళో పెట్టుకుని మొగుణ్ణే చూస్తోంది. లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది.

"ఇది వద్దు ఆల్విన్" అంది.

బాగుంది కాబట్టే వద్దంటోందని అర్థమైంది. బాగుంది. చాలా రోజుల తర్వాత నాకు బాగుంది.

నవంబరు 24

మొదటి ప్రదర్శన. హాలు నిండింది.

గడ్డాలు ఎత్తమంటే ఎత్తారు, పొట్టలు పీల్చమంటే నవ్వుతూ పీల్చారు. తర్వాత థీలో చేతిలోని ఫొటో చూశాడు. తల ఎత్తి హాలు చూశాడు. చూపు ఎక్కడెక్కడ ఆగాలో నేను చెప్పలేదు, అతనే ఆపాడు. పొయ్యి పక్క బల్ల దగ్గర ఆగింది. కళ్ళ డాక్టరు, ఆయన భార్య ప్రతి శనివారం అక్కడే కూర్చునేవాళ్ళు. ఇప్పుడు వేరేవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళు తలలు దించుకున్నారు. తలుపు పక్క కుర్చీ మీద ఆగింది. అది మన లియోపోల్డ్‌ది. థీలో మళ్ళీ ఫొటో చూశాడు. ఎవరో దగ్గారు. ఎవరి గ్లాసో బల్లకు తగిలింది.

"కొంచెం దగ్గరికి జరగండి" అన్నాడు, చాలా మర్యాదగా. "ఖాళీలు కనబడుతున్నాయి."

అప్పుడు నేను ఊహించనిది జరిగింది. నిజంగానే జరిగారు. హాలంతా కుర్చీలు నేల మీద గీసుకున్న చప్పుడు. అందరూ మధ్యకు జరిగి భుజాలు ఆనించుకుని, ఫొటో తీస్తారన్నట్టు ముందుకు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. వెనక ఒక ఆడమనిషి ఏడుస్తున్నట్టు వినిపించింది, నవ్వే కావచ్చు. చప్పట్లు చాలా ఆలస్యంగా మొదలై చాలాసేపు ఆగలేదు.

డోబ్రిక్ గారు వేలు పెట్టి ప్రతిలో వాక్యం వెంట వాక్యం సరిచూసుకుంటూ వచ్చారు. మౌనం దగ్గర వేలు ఆగింది. తల ఎత్తారు. తర్వాత దించారు. బీరు సగం వదిలేసి వెళ్ళిపోయారు.

నేను తెర వెనక నిలబడి వణికాను. సంతోషంతోనే.

డిసెంబరు 3

అందరూ "థీలో మౌనం" అంటున్నారు.

డిసెంబరు 19

ఒక పత్రికలో నాలుగు పంక్తులు వచ్చాయి. రాసినతను జాగ్రత్తపరుడు, నాటిక దేని గురించో చెప్పలేదు. థీలో మార్క్‌వార్ట్ ఏమీ మాట్లాడనప్పుడే గొప్పగా మాట్లాడతాడు అన్నాడు. రచయిత పేరు లేదు.

థీలోతో అన్నాను, నవ్వుతూనే అన్నాను, ఆ మౌనం నాది కదా అని. అతను లివర్ సాసేజి తింటూ, దానిదేముంది మహాకవీ, ఈ రోజే వేదిక మీద చెప్పేస్తాను, ఈ మౌనాన్ని రచించినవారు శ్రీ ఆల్విన్ క్రెస్నర్ అని, లేచి నిలబడి దండం కూడా పెట్టు అన్నాడు. సరదాకి అన్నాడనుకున్నాను. కాదు. నాటిక అయిపోయాక నిజంగానే ముందుకు వచ్చి, "అయ్యలారా, ఇప్పుడు మీరు విన్న మౌనం" అని మొదలుపెట్టాడు. హెనీ రెండు చేతులతో పియానో మీద పడింది. పెద్ద శబ్దంతో ముగింపు పాట వాయించేసింది. అతని మాట ఎవరికీ వినబడలేదు.

తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు. నా పేరు చెప్పనివ్వకపోవడంలో ఆవిడ ఉద్దేశం ఏమిటో. మొగుడికి వచ్చే పేరు పంచుకోవడం ఇష్టం లేదేమో.

1935 జనవరి 18

మౌనం రోజురోజుకీ పెరుగుతోంది. ఇది నేను చెప్పినంత కాదు. కొన్ని రోజులు థీలో ఎంతసేపు చూస్తాడంటే ఇక ఆ చివరి మాట చెప్పడేమో అనిపిస్తుంది.

ఈ రోజు ముందు బల్ల దగ్గర నలుగురు పార్టీ యూనిఫారాల్లో వచ్చి కూర్చున్నారు. అందరూ జరిగితే వాళ్ళు జరగలేదు. ఎవరి కోసం వెతుకుతున్నావని ఒకడు అరిచాడు. థీలో ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసి, "మీ కోసం కాదండీ. మీరు ఈ మధ్యే చేరారు" అన్నాడు.

హాలు గొల్లుమంది. ఆ మాట ప్రతిలో లేదు. నేను రాయలేదు. ఇది ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను.

ఫిబ్రవరి 9

రిహార్సలు మధ్యలో పోలీసులు వచ్చారు. థీలో ఇంకా నల్లగుడ్డ కిందే ఉన్నాడు. బయటికి రమ్మంటే, గుడ్డ కిందనుంచే గడ్డాలు ఎత్తండి అన్నాడు, మా వాళ్ళెవరో అనుకుని. గుడ్డ లాగేశారు.

హెనీ కోటు తెచ్చి తొడిగింది. బొత్తాలు ఆవిడే పెట్టింది. అతను నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ బిగించుకున్నాడని నాకు తెలుసు.

తలుపుకి తాళం వేసి కాగితం అంటించారు. ఫ్రౌ ప్రిల్‌విట్స్ తన పిల్లి లోపలే ఉండిపోయిందని బతిమాలితే మళ్ళీ తెరిచి పిల్లిని ఇచ్చారు. ఆ విషయంలో చాలా మర్యాదగా ఉన్నారు.

ఫిబ్రవరి 14

పొద్దున్న కార్యాలయానికి రమ్మన్నారు. డోబ్రిక్ గారి గది వెచ్చగా ఉంది. మంచి కాఫీ ఇచ్చారు. కిటికీ దగ్గర ఒక అధికారి నిలబడి ఉన్నాడు, మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. డోబ్రిక్ గారు ఎర్ర పెన్సిలును వేళ్ళ మధ్య దొర్లిస్తూనే ఉన్నారు. ఆయనా భయపడుతున్నారని కాసేపటికి అర్థమైంది. ప్రతి మీద ముద్ర ఆయనదే కదా.

"క్రెస్నర్ గారూ, ఇందులో ప్రతి మాటా మీరు రాసిందేనా?"

"నేను రాసిందే."

"మీరు రాయనిదాని గురించి నేను అడగడం లేదు. రాసినదాని గురించే అడుగుతున్నాను. చివరి వాక్యానికి ముందు ఇక్కడ ఏమైనా ఉందా?"

కాగితం చూశాను. ఒక వాక్యం, దాని తర్వాత ఇంకో వాక్యం. మధ్యలో తెల్లగా ఉంది.

"లేదు."

"నటుడు అక్కడ ఆగి చూడాలని రాశారా?"

"రాయలేదు."

"అది చాలండీ" అన్నారు. కిటికీ దగ్గరి మనిషి వైపు చూడలేదు కానీ ఆ మాట ఆయనకే చెప్పారు.

అదే రాసి సంతకం పెట్టమన్నారు. "నాకు గుర్తున్నంతవరకు" అని మొదలుపెట్టాను. అది తీసేస్తే వాక్యం గట్టిగా ఉంటుందని డోబ్రిక్ గారు సూచించారు. తీసేశాను. 'నా రచనలో ఆ చోట విరామం లేదు.' నిజమే, గట్టిగా ఉంది.

గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. మెట్ల దగ్గర చాలా నెమ్మదిగా, మా ఆవిడ మిమ్మల్ని అడిగానని చెప్పమంది అన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పాను. కాగితం మీద విరామం లేదు.

ఫిబ్రవరి 15

అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 24

హెనీ వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఉతికిన చొక్కాలు పట్టుకుని రోజూ అలెగ్జాండర్‌ప్లాట్స్ పోలీసు కార్యాలయానికి వెళ్తోందట. నిన్న చొక్కాలు తీసుకోలేదు. ఇక్కడ లేడు, ఉత్తరాన బురదనేలల్లో ఖైదీల శిబిరానికి పంపేశాం అన్నారట. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీట్ మట్టి తవ్విస్తారు.

ఆవిడ ఒక లాయరుని పట్టుకుంది. ఆయన చెప్పేది ఇదీ. ఆ మౌనం నటుడు సొంతంగా కలిపినదని కేసు. అలా కాకుండా, మొదటి రిహార్సలు నుంచీ అది నాటికలో భాగమేనని, అధికారి చూస్తుండగానే అన్ని వారాలు ఆడిందని రచయిత వచ్చి చెప్తే కేసు నిలవదు. థీలోని వదిలెయ్యాల్సి రావచ్చు.

"నువ్వు చెప్తుంటే నేను విన్నాను. నోరెత్తకు అన్నావు" అంది. "నిన్ను తప్పు పట్టడానికి రాలేదు. ఆ మాట వాళ్ళ దగ్గర చెప్పు, అంతే. చెప్తావా?"

చెప్తాను అన్నాను.

సంతకం పెట్టిన సంగతి ఆవిడకి తెలియదు. ఇప్పుడు చెప్పి ఆవిణ్ణి ఇంకా కుంగదీయడం ఎందుకని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 25

రేపు వెళ్తాను.

ఫిబ్రవరి 27

ఒళ్ళు వెచ్చగా ఉంది. ఈ గొంతుతో వెళ్ళి ఏం మాట్లాడతాను?

మార్చి 1

రేపు.

మార్చి 5

వెళ్ళాను. డోబ్రిక్ గారిని పై అంతస్తుకు వేరే శాఖకి మార్చారట. ఆయన గదిలో కొత్త మనిషి కూర్చున్నాడు. ఏం పని మీద వచ్చారని అడిగాడు. రచయితల గుర్తింపు కార్డు ఎప్పుడు పునరుద్ధరించుకోవాలో కనుక్కుందామని వచ్చానన్నాను. అది కింద అంతస్తులో అన్నాడు. థాంక్స్ చెప్పి కిందికి దిగాను. కార్డు పని కూడా అయిపోయింది.

సాయంత్రం హెనీని కలిశాను. వెళ్ళానని చెప్పాను. అది నిజం.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు." అదీ నిజమే.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. పోనీలే, వెళ్ళావు కదా అంది. ఆవిడ చేతుల మీద చర్మం చలికి పగిలి ఉంది. పియానో వాయించే చేతులు అలా ఉంచుకోకూడదు.

మార్చి 22

లియోపోల్డ్ మళ్ళీ కార్డు రాశాడు. ఇప్పుడెలా వెళ్తాను? థీలో అక్కడ ఉండగా నేను దేశం విడిచి వెళ్తే ఏమనుకుంటారు? అతని కోసమైనా ఇక్కడే ఉండాలి.

ఏప్రిల్ 21

ఈస్టరు. గుడ్డు ఒకటి ఉడకబెట్టుకున్నాను.

మే 7

డోబ్రిక్ గారు కబురు పెట్టారు. ఒక గృహిణుల పత్రికలో నవ్వుల పేజీ ఖాళీగా ఉందట. నా పేరు ఆయనే సూచించారు. గొడుగు మర్చిపోయే భర్త, కొత్త టోపీ కొన్న భార్య, చేపలు పట్టే మామగారు. మారుపేరుతో రాయవచ్చు. ఇవి నేను నిద్రలో కూడా రాయగలను.

నిద్రలోనే రాస్తున్నట్టుంది. కానీ ఒక సంగతి. మొదటి వారం పంపినవాటిలో ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు. అన్నీ అచ్చయ్యాయి. కొన్నేళ్ళ తర్వాత నేను రాసింది రాసినట్టు అచ్చులో చూసుకున్నాను. చూసుకుని చాలాసేపు కూర్చున్నాను.

జూన్ 18

పాస్‌పోర్టు గడువు అయిపోయింది. కొత్తది ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి దరఖాస్తు పెట్టలేదు.

జూలై 11

ట్రామ్‌లో హెనీ. మోఆబిట్‌లో ఒక కేఫ్‌లో మధ్యాహ్నాలు పియానో వాయిస్తోందట, ఫ్రౌ ప్రిల్‌విట్స్ చెప్పింది. మా మధ్య నాలుగైదు సీట్లు ఉన్నాయి. టోపీ కొద్దిగా ఎత్తాను. ఆవిడ నన్ను చూసింది, చూసి కిటికీ వైపు తిరగలేదు. నేను అక్కడ లేనట్టు చూస్తూనే ఉంది. ఎవరో ఆవిడకి చెప్పి ఉంటారు. లాయరుకి కాగితాలు చూపించి ఉంటారు.

దిగాల్సిన చోటుకు ముందే దిగిపోయి నడిచాను. ఎండగా ఉంది.

ఆగస్టు 20

బజారులో ఫ్రౌ ప్రిల్‌విట్స్ కనబడింది. మన హాల్లో ఇప్పుడు రంగుల డబ్బాలు నిలవ పెట్టుకుంటున్నారట. ఆ వాసనకి పిల్లి ఆ వీధిలోకే వెళ్ళడం లేదట. అదంతా చెప్పి, చివర, థీలో వచ్చేశాడు తెలుసా అంది.

తెలియదన్నాను.

"రెండు వారాలైంది. వెళ్ళి చూడు నాయనా. నిన్నే అడుగుతున్నాడు."

ఏమని అడుగుతున్నాడో ఆవిడ చెప్పలేదు.

ఆగస్టు 25

ఆదివారం. పత్రిక పని ఉంది.

సెప్టెంబరు 8

వెళ్ళాను.

హెనీ తలుపు తీసింది. అప్పటికే టోపీ పెట్టుకుని కేఫ్‌కి బయల్దేరుతోంది. నా మొహం చూడకుండా, వంటింట్లో ఉన్నాడు, ఒక్కణ్ణే వదలకూడదు, నేను వచ్చేదాకా ఉండగలవా అంది. ఉంటానన్నాను. వెళ్ళిపోయింది.

థీలో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. నేను గుమ్మంలోకి రాగానే దిగ్గున లేచి, చేతులు తొడలకు ఆనించి, గోడ వైపు చూస్తూ నిటారుగా నిలబడ్డాడు. కత్తి కింద పడింది. తర్వాత నేనని గుర్తుపట్టి కూర్చున్నాడు. కత్తి నేనే తీసి ఇచ్చాను. చొక్కా కాలరులో ఇంకో మెడకు చోటుంది. పై వరస పళ్ళు లేవు. రేడియోలో ఎవరో గోధుమ పంట గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. కొంచెం తగ్గించనా అంటే, ఉండనీ ఉండనీ అన్నాడు.

అతను మాట్లాడుతూనే ఉన్నాడు. దుంపల ధర, మెట్ల మీద కొత్త దీపం, హెనీ కేఫ్‌లో కేకులు ఎలా ఉంటాయి. శిబిరం గురించి ఒక్కటే చెప్పాడు. అక్కడ పిట్టలు ఉంటాయట, చాలా రకాలు. నా పని ఏమిటని అడిగాడు. చెప్పాను. ఒకటి చదివి వినిపించమన్నాడు. జేబులో ఉన్నదే చదివాను, గొడుగు మర్చిపోయిన భర్తది. నవ్వలేదు. పనివాడు పని చూసినట్టు విన్నాడు. చివరి మాట ముందుకు తెస్తే బాగుంటుందన్నాడు. అవును, అలా చేస్తేనే బాగుంటుంది.

ఇంకో దుంప తీసుకున్నాడు.

"నీ కాగితం నాకు చదివి వినిపించారురా."

ఏ కాగితం అని నేను అడగలేదు.

"పట్టుకెళ్ళిన వారంలోనే. నిలబెట్టి చదివారు. నా రచనలో ఆ చోట విరామం లేదు. అంతే కదా?" అన్నాడు. "బాగా రాశావు. నువ్వెప్పుడూ చివర్లో ఒక మాట ఎక్కువ రాస్తావు, నేను మింగేసేవాణ్ణి. ఇందులో మింగడానికి ఏమీ లేదు."

మొహం చూశాను. వెక్కిరించడం లేదు. వెక్కిరిస్తే బాగుండేది.

"నువ్వేం చెప్పావు వాళ్ళకి?" అన్నాను.

"నాదే అన్నాను. నీదంటే ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నీ జబ్బు ఊపిరితిత్తులకి అక్కడ వారం కూడా గడవదు." దుంపని వెలుతురులో తిప్పి చూశాడు. "అబద్ధమేం కాదులే. ఎంతసేపు ఆగాలో నువ్వు చెప్పలేదు. అది నేను పెంచుకున్నదే."

రేడియోలో పంట అయిపోయింది. తర్వాతి కార్యక్రమం మొదలవ్వడానికి ముందు కాసేపు ఏమీ రాలేదు. థీలో దుంప, కత్తి వదిలేసి బల్ల అంచు పట్టుకున్నాడు. మొహం తెల్లబడింది. ఏదో ఒకటి మాట్లాడు ఆల్విన్ అన్నాడు. పాతికేళ్ళ నుంచి మాటలమ్ముకుని బతుకుతున్నాను, ఆ వంటింట్లో నాకు ఒక్క మాట దొరకలేదు. బ్యాండు మోగింది. అతను మళ్ళీ దుంప తీసుకున్నాడు.

హెనీ వచ్చే వేళకి టోపీ పెట్టుకున్నాను. ఆదివారాలు వస్తూ ఉండు, ఆవిడకి ఆ రోజే పని ఎక్కువ, ఒక్కణ్ణే ఉంటే, అని ఆపేశాడు. వస్తాను, ప్రతి ఆదివారం వస్తాను అన్నాను.

సెప్టెంబరు 9

గొడుగు జోకులో చివరి మాట ముందుకు తెచ్చాను. సంపాదకురాలికి చాలా నచ్చింది.

సెప్టెంబరు 15

ఆదివారం. పొద్దున్నుంచీ వాన. బూట్లలోకి నీళ్ళు వస్తున్నాయి. వెళ్ళలేదు.

సెప్టెంబరు 22

ఆదివారం. చిన్న వాన.

సెప్టెంబరు 29

ఆదివారం. ఎండ బాగా కాసింది. కిటికీ తెరిచి, ఇంట్లోనే కూర్చున్నాను.